డ్రైవరు నిద్ర, మన ప్రాణం: రైలు కార్మికుల గిరి గారి కథ

కంటకాపల్లి పేరు చెబితే మన ఉత్తరాంధ్రలో ఇప్పటికీ మనసు కలుక్కుమంటాది. 2023 అక్టోబర్ 29, ఆదివారం, పొద్దు గూకిన తరవాత. విశాఖ నుంచి పలాస వెళ్లే పాసింజరు కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్యన ఉంటే, వెనకనుంచి విశాఖ–రాయగడ పాసింజరు వచ్చి గుద్దీసింది. 14 మంది పోయారు. పాసింజరు బండి ఎక్కేది ఎవరేటి? మనమే. కూలీకెళ్లినోళ్లు, చదువుకెళ్లినోళ్లు, ఆస్పత్రికెళ్లినోళ్లు. రాయగడ బండి లోకో పైలట్, అసిస్టెంటు, ముందున్న పలాస బండి గార్డు కూడా ఆ పోయినోళ్లలోనే ఉన్నారు.

రెండు మూడు రోజులు తిరక్కుండానే ప్రాథమిక విచారణ తప్పు ఎవరిదో చెప్పీసింది. పనిచెయ్యని ఆటోమేటిక్ సిగ్నళ్ల దగ్గర పాటించాల్సిన రూలు పాటించలేదు, కాబట్టి రాయగడ బండి నడిపినోళ్లదే తప్పు అంది. సిగ్నళ్లు ఎందుకు పాడయ్యాయన్నది పక్కకి పోయింది. చనిపోయినోడు జవాబు చెప్పుకోలేడు కదా మరి.

డ్రైవర్ల తప్పు ఉందా లేదా అన్న తీర్పు నేను చెప్పను. ఒక్క సంగతి మాత్రం అడుగుతాను. ఇలాంటివి జరిగినప్పుడల్లా మన ఫోన్లలో తిరిగే వార్తల్లో సిగ్నలు ఉంటాది, స్పీడు ఉంటాది, ఎంతమంది పోయారో ఉంటాది. బండి నడిపినోడు ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉన్నాడు, ముందురోజు ఎంతసేపు పడుకున్నాడు అన్నది ఎందుకుండదు?

ఈ ప్రశ్నని మన లైన్లోనే వందేళ్ల కిందట గట్టిగా ఎత్తుకున్న మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన పేరు మీ అందరికీ తెలుసు. పోటీ పరీక్షల పుస్తకాల్లో బట్టీపట్టే ఉంటారు: నాలుగో రాష్ట్రపతి, భారతరత్న, వి.వి.గిరి. ఆ ఒక్క లైనుతో ఆయన్ని ఒగ్గీసాం. రాష్ట్రపతి భవన్‌కి వెళ్లకముందు నలభై ఏళ్ల పైన ఆయన బతుకంతా రైలు కార్మికులతోటీ, కూలీలతోటీ ముడిపడుందన్న సంగతి మనకెవరూ చెప్పలేదు. అందుకే ఈవారం ఆయన కథ.

బరంపురం కుర్రోడు, డబ్లిన్ ట్రాములు

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది గానీ అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. ఇంట్లో తెలుగే. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కాంగ్రెస్ మనిషి. తిండికీ చదువుకీ లోటు లేని ఇల్లు. కూలీ కష్టం ఆయన ఒంటిమీద పడింది కాదు, కళ్లతో చూసి నేర్చుకున్నదే.

అలా నేర్చుకున్నది కూడా మన ఊళ్లో కాదు. 1913లో బారిష్టరు చదువు కోసం ఐర్లండు రాజధాని డబ్లిన్‌కి వెళ్లారు. మనలాగే ఐర్లండు కూడా అప్పటికి ఇంగ్లీషోడి చేతికింద ఉన్న దేశం. ఆయన వెళ్లిన ఆ ఏడాదే డబ్లిన్‌లో ఏటి జరిగిందో చూడండి. ఊళ్లో ట్రాము బళ్ల కంపెనీ యజమాని విలియం మార్టిన్ మర్ఫీ, యూనియన్లో చేరినోడికి పని లేదన్నాడు. ఆగస్టు 26 పొద్దున్న ట్రాము కార్మికులు నడిరోడ్డు మీదే బళ్లు ఆపీసి దిగిపోయారు. అది మొత్తం ఊరికి పాకింది. యజమానులంతా ఒకటై ఇరవై వేల మందిని గేటు బయట పెట్టారు. పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. నెలల తరబడి పిల్లాజెల్లా పస్తులున్నారు. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ ఆ పోరాటానికి నాయకులు. ఆఖరికి కార్మికులే ఓడి, తలొంచుకుని పనిలోకి వెళ్లారు.

కానలీ ప్రభావం గిరి గారి మీద గట్టిగా పడింది. దేశానికి స్వాతంత్ర్యం, కూలీకి అన్నం రెండూ ఒకే పోరాటమన్నది ఆయన అక్కడ పట్టుకున్న పాఠం. 1916 ఏప్రిల్లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. కానలీని ఇంగ్లీషోళ్లు కాల్చి చంపారు. ఐర్లండు తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయని గిరి గారిని కూడా దేశం ఒగ్గి పొమ్మన్నారు. ఇరవై రెండేళ్ల వయసులో బరంపురం తిరిగొచ్చారు.

వచ్చి నల్లకోటు వేసుకున్నారు. గాంధీ గారి సహాయ నిరాకరణ వచ్చీసరికి కోర్టు మానేశారు, 1922లో జైలుకెళ్లారు. బయటికొచ్చాక ఆయన్ని పట్టుకున్నది రైలు.

బి.ఎన్.ఆర్. లైను

మన పెద్దోళ్ల నోట బి.ఎన్.ఆర్. అన్నమాట వినే ఉంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే. అదొక కంపెనీ. హెడ్డాఫీసు కలకత్తాలో, పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో. అటు హౌరా నుంచి ఇటు వాల్తేరు దాకా తూర్పు తీరం లైను దాని చేతిలోదే. వాల్తేరు నుంచి మద్రాసు వైపు మరో కంపెనీది. విజయనగరం నుంచి రాయపూర్‌కి అడవుల్లోంచి వేసిన లైను 1931కి పూర్తయింది, విశాఖ పోర్టు 1933లో తెరిచారు. మధ్య రాష్ట్రాల సరుకంతా మన సముద్రం ఒడ్డుకి రావడానికే ఆ లైను. అంటే విశాఖ నగరం ఇంత పెద్దదవడం వెనక బి.ఎన్.ఆర్. కార్మికుడి చెమట ఉంది.

ఆ కార్మికుడి బతుకెలగుండేదో ఊహించండి. బొగ్గింజను. డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మెన్లు. ముందు మంట, పక్కనుంచి వాన, కళ్లల్లో బొగ్గు నుసి. డ్యూటీ ఎక్కడం తెలుసు గానీ దిగడం ఎప్పుడో తెలీదు. లైను ఖాళీ లేదంటే అడవిలో చిన్న స్టేషన్లో గంటలకి గంటలు నిలబడాలి. రన్నింగ్ రూములో నడుం వాల్చిన కాసేపటికే కాల్‌బుక్ పట్టుకుని మనిషొచ్చి తలుపు కొడతాడు. మళ్లీ ఇంజనెక్కాలి. ఇది గట్టిగా అడిగితే ఉద్యోగం పోతాది. కంపెనీ ఇచ్చిన క్వార్టరూ పోతాది.

గిరి గారు ఈళ్ల మధ్యకి వెళ్లారు. బి.ఎన్.ఆర్. కార్మికుల సంఘం కట్టడంలో ముందున్నారు. తరవాత దేశంలో ఉన్న రైల్వే యూనియన్లన్నిటినీ ఒక్కతాటి మీదకి తెచ్చిన ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ని స్థాపించినోళ్లలో ఒకరయ్యారు. దానికి ఏళ్ల తరబడి జనరల్ సెక్రటరీగా పనిచేశారు. 1926లో ఏఐటీయూసీకి అధ్యక్షుడయ్యారు. 1942లో రెండోసారి.

1927లో ఖరగ్‌పూర్ అట్టుడికింది. కంపెనీ ఖర్చు తగ్గించుకుంటామని వర్క్‌షాపులో జనాన్ని తీసేయడానికి దిగింది. కార్మికులు సమ్మె కట్టారు. గిరి గారు సమ్మెని రాయి విసరకుండా, పట్టా పీకకుండా నడిపించారు. ఆఖరికి కంపెనీ, దాని వెనకున్న ప్రభుత్వం కూర్చుని మాట్లాడాల్సొచ్చింది, తీసేసినోళ్ల విషయంలో దిగిరావాల్సొచ్చింది. మన దేశ కార్మిక చరిత్రలో దాన్నొక మైలురాయి అంటారు. డబ్లిన్‌లో ఓడిపోయిన ట్రాము కార్మికుల పాఠం ఖరగ్‌పూర్‌లో అక్కరకొచ్చిందని నాకనిపిస్తాది.

ఇక్కడొకటి దాచకూడదు. గిరి గారు విప్లవకారుడు కాదు. 1929లో నాగపూర్‌లో ఏఐటీయూసీ రెండుగా చీలినప్పుడు ఆయన ఎన్.ఎం. జోషి గారి మితవాదుల వైపు వెళ్లారు. బ్రిటిషోడు వేసిన రాయల్ కమిషన్‌తో మాట్లాడాలా, బహిష్కరించాలా అన్నది ఆ గొడవలో ముఖ్యమైన ముక్క. కమ్యూనిస్టులు బహిష్కరించాలన్నారు. గిరి గారి దారి మాత్రం బల్లకి అటూ ఇటూ కూర్చుని తేల్చుకోవడమే. సమ్మె ఆఖరి ఆయుధమనేది ఆయన నమ్మకం. ఆ దారితో నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. కానీ ఆ బల్ల దగ్గర కూర్చుని ఆయన వర్గం రాబట్టింది ఏటో కూడా చూడాలి.

గంటల లెక్క

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టింది. పనిగంటలకి హద్దుండాలని మొదటి ఒప్పందమే రాసుకుంది. 1921లో వారానికోరోజు సెలవుండాలని ఇంకో ఒప్పందం. మన దేశం వీటిమీద సంతకాలైతే పెట్టింది, రైల్వేల్లో మాత్రం అమలు లేదు. యూనియన్లు ఏళ్ల తరబడి దీన్నే పట్టుకుని అడిగాయి. 1927లో కార్మికుల ప్రతినిధిగా గిరి గారు జెనీవా వెళ్లింది ఆ సంస్థ సమావేశానికే. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి కూడా కార్మికుల తరఫున వెళ్లారు.

1930లో రైల్వే చట్టాన్ని మార్చారు. ఆగకుండా పనిచేసేవాళ్లకి వారానికి సగటున 60 గంటలు, మధ్యమధ్య ఖాళీ దొరికే పని చేసేవాళ్లకి 84 గంటలు మించకూడదన్నారు. వారానికి 84 గంటలంటే రోజుకి పన్నెండు. అదీ ఒక హద్దేనా అని ఇప్పుడు మనకి నవ్వొస్తాది. అప్పటికి అసలు హద్దే లేని చోట అది మొదటి గీత. చిత్రమేటంటే, ఆ గీత లోపలికి బండి నడిపే డ్రైవర్లని, ఫైర్‌మెన్లని రానివ్వలేదు. రన్నింగ్ స్టాఫ్‌ని బయటే ఒగ్గీసారు. వందల మంది ప్రాణాలు ఎవరి చేతిలో ఉంటాయో ఆళ్లకే గంటల లెక్క లేదు!

రైల్వేమెన్స్ ఫెడరేషన్ ఒత్తిడితో 1946లో జస్టిస్ రాజాధ్యక్షని తీర్పరిగా వేశారు. 1947లో ఆయన తీర్పిచ్చారు. మామూలు పనికి వారానికి 54 గంటలు, బాగా ఒత్తిడి ఉండే పనికి 45, ఖాళీ దొరికే పనికి 75. రన్నింగ్ స్టాఫ్ కూడా ఆ లెక్కలోకి వచ్చారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది కార్మికుల జీతాల గొడవ, మనకేటి సంబంధం అనుకోవద్దు. టికెట్టు కొన్న మనిషికి సీటు దొరకడం, ఫ్యాను తిరగడం, బండి టైముకి రావడం హక్కులే. వీటన్నిటికంటే ముందున్న హక్కు ఇంకోటి ఉంది. మనల్ని తీసుకెళ్లేవోడు నిద్రమత్తులో లేకుండా ఉండడం. టికెట్టు మీద ఆ ముక్క అచ్చువెయ్యరు. ఆ హక్కు డ్రైవరు పనిగంటల చట్టంలో దాక్కుని ఉంటాది. గిరి గారి తరం కార్మిక నాయకులు కార్మికుడి కోసం గీయించిన గీత, ఆళ్లు అనుకున్నా అనుకోకపోయినా, ప్రయాణికుడికి కూడా రక్షణ గీతే.

బొబ్బిలి రాజుని ఓడించి

ఇక రాజకీయాల్లోకి వస్తే, 1937 ఎన్నికల్లో ఆయన చేసిన పని మన జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకోవాల్సింది. జస్టిస్ పార్టీ పెద్ద, మద్రాసు రాష్ట్రాన్నేలిన బొబ్బిలి రాజాని ఆయన సొంత బొబ్బిలిలోనే ఓడించారు. జమీందారు కోటలో కూలీల వకీలు గెలిచాడన్నమాట. రాజాజీ ప్రభుత్వంలో కార్మిక, పరిశ్రమల మంత్రయ్యారు. యుద్ధానికి నిరసనగా 1939లో కాంగ్రెస్ ప్రభుత్వాలన్నీ రాజీనామా చేసినప్పుడు దిగిపోయారు. క్విట్ ఇండియాలో మళ్లీ జైలు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మళ్లీ కార్మిక శాఖ. స్వాతంత్ర్యం వచ్చాక సిలోన్‌లో హైకమిషనరు.

1952లో మన శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచి, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రయ్యారు. అక్కడే అసలు పరీక్ష వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద కార్మిక ట్రిబ్యునల్ తీర్పిస్తే, దాన్ని ప్రభుత్వం కోసి తగ్గించింది. మంత్రిగా ఆయన దానికి తలూపాలి. ఆయన ఊపలేదు. 1954లో రాజీనామా చేసి బయటికొచ్చారు. కార్మికులకిచ్చిన మాట నిలబెట్టలేని కుర్చీ తనకొద్దని చేతల్లో చూపించారు.

అప్పటి రోజుల్లో కుర్చీకి జవాబుదారీ ఉండేదనడానికి ఇంకో ఉదాహరణ మన తెలుగు నేల మీదే ఉంది. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తమిళనాడు అరియలూరులో ఇంకో ఘోరం జరిగింది. ఈసారి శాస్త్రి గారు పట్టుబట్టి దిగిపోయారు. ఒకరు కార్మికుడి మాట కోసం దిగారు, ఒకరు ప్రయాణికుడి ప్రాణం కోసం దిగారు. రెండేళ్ల తేడాలో.

గిరి గారు అన్నిటా గెలిచారని కాదు, అన్నిటా రైటని కూడా కాదు. 1957లో పార్వతీపురం నుంచి ఓడిపోయారు. ఇద్దరు సభ్యులుండే ఆ నియోజకవర్గంలో జనరల్ సీటు కూడా ఆదివాసీ అయిన డిప్పల సూరిదొర గెలుచుకుంటే, అలా చెల్లదని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కోర్టు సూరిదొర గెలుపే రైటంది. ఎక్కువ ఓట్లొచ్చిన ఆదివాసీ జనరల్ సీట్లో కూర్చోవచ్చన్నది ఆ తీర్పు. కూలీల పక్షాన అంతకాలం నిలబడిన మనిషి ఆ కేసు వేయకుండా ఉండాల్సిందని నేనంటాను.

రాష్ట్రపతి బోనెక్కిన రోజు, రైళ్లు ఆగిన రోజులు

ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా చేసి 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో జాకిర్ హుస్సేన్ చనిపోయాక రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. కాంగ్రెస్ అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి. గిరి గారు ఇండిపెండెంటు. ఇందిరా గాంధీ లోపల్నుంచి గిరి గారికి దన్నుగా నిలబడ్డారు. రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కపెడితే గానీ తేలలేదు. 4,20,077కి 4,05,427. ఇద్దరు తెలుగోళ్ల మధ్యన దేశం అంతా ఊపిరి బిగబట్టి చూసిన పోటీ అది.

ఎన్నిక మీద కేసు పడింది. పదవిలో ఉన్న రాష్ట్రపతి సుప్రీంకోర్టుకి స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పారు. దేశంలో అందరికంటే పెద్ద కుర్చీలో ఉన్న మనిషి వకీళ్లడిగే ప్రశ్నలకి జవాబు చెప్పాడంటే, అడిగే హక్కు అందరికంటే పెద్దదన్నమాట. ఈరోజు ఒక డివిజను ఆఫీసరు కూడా ప్రమాదం తరవాత కెమెరా ముందు నాలుగు ప్రశ్నలకి నిలబడడు.

ఆయన బతుకులో అన్నిటికంటే చేదు ముక్క చివర్లో వచ్చింది. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేస్తే, డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా పది గంటలు మించనివ్వమని ప్రభుత్వం మాటిచ్చింది. ఆ మాట పూర్తిగా అమలవలేదు. 1974 మే 8న దేశంలో రైళ్లు ఆగిపోయాయి. జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వం. దాదాపు పదిహేడు లక్షలమంది రైల్వే కార్మికులు. డిమాండ్లలో ఎనిమిది గంటల పని ఒకటి. ఆ సమ్మెలో ముందున్నది ఏ సంఘమో తెలుసా? గిరి గారు పుట్టించినోళ్లలో ఒకరైన ఆ ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషనే. అప్పుడు రాష్ట్రపతి భవన్లో కూర్చున్నది గిరి గారే.

ప్రభుత్వం వేలమందిని జైల్లో పెట్టింది. వేలమంది ఉద్యోగాలు తీసేసింది. క్వార్టర్ల నుంచి ఆడోళ్లని, పిల్లల్ని గెంటేశారు. 20 రోజులకి, మే 27న, సమ్మె విరమించారు. రాష్ట్రపతి మంత్రివర్గం చెప్పినట్టే నడవాలని రాజ్యాంగం అంటాది, నిజమే. కానీ 1954లో మంత్రి కుర్చీ ఒగ్గిన మనిషి, 1974లో రాష్ట్రపతి కుర్చీ ఒగ్గలేదు. ఆగస్టు 24 దాకా పదవీకాలం పూర్తిచేసే దిగారు. ఖరగ్‌పూర్ గిరి గారిని తలుచుకుంటే మనకి ఈ మౌనం అందుకే నొప్పి పెడతాది. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. సమ్మెలో ఉద్యోగాలు పోయినోళ్లని 1977లో ప్రభుత్వం మారాక తిరిగి తీసుకున్నారు.

మరి ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?

ఆ పది గంటల మాట ఏమైందో లోకో పైలట్లని అడగండి. మన దగ్గరే అడగొచ్చు. బైలదిల్లా ఇనుపరాయి కొత్తవలస మీదుగా పోర్టుకి దిగుతాది, బొగ్గు స్టీల్ ప్లాంటుకి పోతాది. గూడ్సు నడిపేవాళ్లకి రాత్రి డ్యూటీలు వరసగా పడతాయి. 2024లో కూడా లోకో పైలట్ల సంఘాలు వారం విశ్రాంతి, రాత్రి డ్యూటీల మీద దక్షిణాదిన ఆందోళన చేశాయి. యాభై ఏళ్ల తరవాత కూడా అదే డిమాండు!

ఇక్కడ మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రైలు ప్రమాదాల్ని విచారించే కమిషన్ ఆఫ్ రైల్వే సేఫ్టీ రైల్వే శాఖ కింద ఉండదు. పౌర విమానయాన శాఖ కింద ఉంటాది. ఎందుకేటంటే, తప్పు చేసినోడే తీర్పు చెప్పకూడదని. 1937లో బీహార్లోని బిహటా దగ్గర వందమందికి పైగా చనిపోయాక, బళ్లు నడిపేవాళ్లనీ తనిఖీ చేసేవాళ్లనీ విడదీయాలన్న వాదన గట్టిపడింది. 1941లో తనిఖీ విభాగాన్ని తపాలా, వైమానిక శాఖకి మార్చారు. కొత్త లైన్లో పాసింజరు బండి తిరగాలన్నా ఈ కమిషనర్ చూసి సరే అనాలి.

ఇప్పుడు ఆ విమానయాన శాఖ మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు. గిరి గారు గెలిచిన పాతపట్నం ఉన్న జిల్లాయే. అంటే రైలు భద్రత చూసే ఆఫీసు, విమాన భద్రత చూసే ఆఫీసు రెండూ మన పక్కూరి మంత్రి గారి శాఖలోనే ఉన్నాయి.

విమానాల్లో కూడా కథ అదే. పైలట్ల అలసట మీద డీజీసీఏ కొత్త రూలు తెచ్చింది. వారం విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెంచారు, రాత్రి లాండింగులకి హద్దు పెట్టారు. ఆ రూలు పూర్తిగా అమల్లోకి వచ్చిన కొద్ది రోజులకే, 2025 డిసెంబర్‌లో, దానికి తగ్గట్టు పైలట్లని సిద్ధం చేసుకోని ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి. జనం ఎయిర్‌పోర్టుల్లో నేలమీద పడుకున్నారు. అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? రూలుని ఆ కంపెనీకి కొన్నాళ్లు సడలించింది. కంపెనీకి లెక్క తప్పితే పైలట్ నిద్ర తగ్గించారన్నమాట. నూరేళ్ల కింద బి.ఎన్.ఆర్. కంపెనీ చెప్పిందీ ఇదే లెక్క.

బస్సు సంగతి వేరే చెప్పాలా? మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. డ్రైవరుకి రోజుకి 8 గంటలు, వారానికి 48 అని అందులో రాశారు. దూరం రూటైతే కొంత ఎక్కువ ఉండేది. మీరు హైదరాబాద్‌కి రాత్రి ప్రైవేటు స్లీపరు ఎక్కినప్పుడు ముందు కూర్చున్నాయన పగలంతా ఏం చేశాడో ఒక్కసారి అడిగి చూడండి.

మనం అడగాల్సినవి

విశాఖ హెడ్డాఫీసుగా సౌత్ కోస్ట్ రైల్వే జోన్ వచ్చింది. ఎన్నేళ్లో కొట్లాడి తెచ్చుకున్నాం. వాల్తేరు డివిజను పేరు పోయి విశాఖపట్నం డివిజను అయ్యింది. బోర్డు మారింది, సంతోషమే. బోర్డు కింద పని కూడా మారాలి. కొత్త జోన్‌కి నేను మూడు అడుగుతున్నాను.

ఒకటి. డివిజన్లో ఎంతమంది లోకో పైలట్లు హద్దు దాటి డ్యూటీ చేశారో ప్రతి నెలా లెక్క బయట పెట్టాలి. ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో కూడా. ఆ ఖాళీలు మీ ఉద్యోగాలే, మర్చిపోకండి.

రెండు. కంటకాపల్లి మీద కమిషనర్ ఏం తేల్చారో మొత్తం తెలుగులో రాసి విశాఖ, కొత్తవలస, విజయనగరం స్టేషన్లలో అంటించాలి. పోయినోళ్ల ఇంట్లో వాళ్లు చదువుకునే భాషలో.

మూడు. ప్రమాదం జరిగిన రోజునే డ్రైవరు పేరు టీవీకి ఇవ్వడం ఆపాలి. ఇస్తే, అతని డ్యూటీ గంటలూ, ముందు మూడు రోజుల విశ్రాంతీ కలిపి ఇవ్వాలి.

మీ వంతు పని కూడా ఉంది. రైల్వే చట్టం 1989లో 124వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. రైలు ప్రమాదంలో ప్రయాణికుడు చనిపోతే రైల్వే తప్పుందా లేదా అన్నదాంతో పని లేకుండా పరిహారం ఇవ్వాలి. 2017 నుంచి అది 8 లక్షలు. ఏడాది లోపల రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో వెయ్యాలి. మంత్రులు ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, ఇది వేరు. అది దయ, ఇది హక్కు. పాసింజరు ఎక్కినా సరే టికెట్టు ఫోటో తీసి ఇంటికి పంపండి. ఆ కాగితం ముక్క లేక కోర్టుల చుట్టూ తిరిగినోళ్లు ఉన్నారు.

పనిగంటల లెక్క సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తుతో అడగొచ్చు. మీలో పది ఊళ్ల నుంచి పదిమంది అడిగితే ఆఫీసుల్లో ఫైలు కదులుతాది. గిరి గారికి ఖరగ్‌పూర్‌లో ఫోను లేదు, ఫేస్‌బుక్ లేదు, బొగ్గు మసి పట్టిన జనం ఉన్నారంతే. మీరు ఈసారి పలాస పాసింజరు ఎక్కినప్పుడు, బండి ఆగాక ఇంజను దాకా నడిచెళ్లి ఆయన్నడగండి: అన్నా, పడుకుని ఎన్ని గంటలైంది?